కిట్ కారుకి షాక్ అబ్జార్బర్లు: ముందు టేపు తీయండి, తర్వాత పర్సు

మీరు చెప్పిన వివరాలు ఇవి: ట్యూబ్ చాసిస్‌తో సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల ఓపెన్ కారు, ముందూ వెనకా డబుల్ విష్‌బోన్లు (చక్రాన్ని పట్టి ఉంచే పైనా కిందా రెండు చేతులు), కాయిల్‌ఓవర్ షాక్‌లు (చుట్టూ స్ప్రింగ్ ఉండేవి), పెట్రోలుతో కలిపి 600 కేజీలు. ఎక్కువగా రోడ్డు మీదే, ఏడాదికి నాలుగైదు సార్లు ట్రాక్. ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టని షాక్‌లు ఏ కంపెనీవని అడిగారు.

పేరున్న ఏ కంపెనీ షాక్ అయినా మీ బండి బరువుకీ మీ విష్‌బోన్ల కొలతలకీ తగ్గట్టు వాల్వింగ్ (లోపల నూనె పోయే దారుల అమరిక) చేయించి, వంకర లేకుండా బిగిస్తే ఏళ్లు నిలుస్తుంది. ఈ రెండూ చేయకపోతే ఎంత ఖరీదైనదైనా త్వరలోనే నూనె కక్కుతుంది. కిట్ కార్లలో చెడిపోయిన షాక్‌లను విప్పి చూస్తే కారణం చాలావరకు బయటే దొరుకుతుంది: వంకర బ్రాకెట్, చాలని స్ట్రోక్ (షాక్ కదలగలిగే దూరం), లేని బంప్ స్టాప్ (చివర్లో దెబ్బ ఆపే మెత్తటి ముక్క), వేరే బరువుకి చేసిన వాల్వింగ్. అందుకే కంపెనీ పేర్లను కాసేపు పక్కన పెట్టి కొలతలతో మొదలుపెడదాం.

ఇంకా ఆర్డర్ ఇవ్వకపోతే మంచిదే. షాక్‌లు చివర్లో కొనాల్సిన సామాను. చాలామంది చాసిస్ రాగానే షాక్‌లు కూడా తెప్పించి బిగించేస్తారు. ఆ తర్వాత పక్కనే వెల్డింగ్ చేస్తారు, గ్రైండర్ పట్టుకుంటారు. వెల్డింగ్ నిప్పురవ్వ ఒక్కటి షాక్ రాడ్ (గొట్టంలోకి వెళ్లి వచ్చే నున్నటి కడ్డీ) మీద పడి అంటుకుంటే చాలు, ఆవగింజంత గరుకు మిగులుతుంది. రాడ్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ గరుకు సీల్ పెదవిని గీరుతుంది. రోడ్డెక్కిన కొత్తలోనే నూనె కారితే "కంపెనీ సీల్ బాగాలేదు" అంటారు. పైగా బండి పూర్తయ్యేసరికి వారంటీ గడువు షెడ్డులోనే సగం కరిగిపోతుంది.

కాబట్టి కట్టేటప్పుడు డమ్మీలు వాడండి. రెండు ఇనుప పట్టీలు తీసుకుని, ఒకదానికి 10 మి.మీ. ఎడంతో వరుసగా రంధ్రాలు వేసి, ఒకదాని మీద ఒకటి జరిగేలా బోల్టు చేస్తే సరిపోతుంది. పొడవు మారుస్తూ కారును ఏ ఎత్తులోనైనా నిలబెట్టవచ్చు.

ఆ డమ్మీతోనే అసలు కొలత తీయాలి. దాన్ని మోషన్ రేషియో అంటారు. చక్రం 10 మి.మీ. లేస్తే షాక్ ఎంత కుదించుకుపోతుందన్నదే ఆ లెక్క. చాసిస్‌ను స్టాండ్ల మీద, మీరు నడపాలనుకున్న ఎత్తులో, లెవెల్‌గా పెట్టండి. డమ్మీ పట్టీలను కలిపే బోల్టు తీసేసి, హబ్ (చక్రం బిగించే భాగం) కింద జాకీ పెట్టి 10 మి.మీ. చొప్పున పైకి లేపుతూ, ప్రతి మెట్టు దగ్గరా పై కన్ను (బోల్టు దూరే రంధ్రం) మధ్య నుంచి కింది కన్ను మధ్యకి దూరం రాసుకోండి. తర్వాత అదే విధంగా కిందికి దింపండి. చక్రం 10 మి.మీ. కదిలినప్పుడు షాక్ 6 మి.మీ. మారితే రేషియో 0.6.

కాగితం మీద లెక్క కూడా వేసుకోవచ్చు. కింది విష్‌బోన్ లోపలి పివట్ (చాసిస్ వైపు తిరిగే చోటు) నుంచి బాల్ జాయింట్‌కి (చక్రం వైపు కీలుకి) 300 మి.మీ., షాక్ బోల్టుకి 210 మి.మీ. అయితే 0.70. షాక్ విష్‌బోన్‌కి నిటారుగా కాక 30 డిగ్రీలు వాలి ఉంటే దాన్ని కొసైన్ 30తో, అంటే 0.866తో గుణించాలి. 0.606 వస్తుంది. కాగితం లెక్కకీ జాకీ లెక్కకీ పెద్ద తేడా వస్తే జాకీనే నమ్మండి.

ఆ పట్టికలో ఇంకో విషయం బయటపడుతుంది. చక్రం పైకి లేచేకొద్దీ రేషియో పెరుగుతోందా, తగ్గుతోందా? మొదట 0.62 ఉండి, పైకి వెళ్లేసరికి 0.55కి పడిపోతే షాక్ అంతకంతకూ పడుకుంటోందని అర్థం. గుంతలో చక్రం లేచినప్పుడు సస్పెన్షన్ గట్టిపడాల్సింది పోయి మెత్తబడుతుంది, చివరికి బంప్ స్టాప్ మీద దభీమని కూర్చుంటుంది. దీన్ని గట్టి స్ప్రింగ్‌తోనో, షాక్ బిగువు మార్చే నాబ్ తిప్పో సరిచేయలేరు. పై బ్రాకెట్‌ను ఇంకా టాక్ వెల్డ్‌తోనే (తాత్కాలిక చుక్క వెల్డింగ్‌తోనే) ఉంచి ఉంటే కొంచెం బయటికి జరపండి. ఇప్పుడైతే అరగంట పని, పౌడర్ కోటింగ్ అయ్యాక గుండెకోత.

ఇక బరువు. మొత్తం 600 అన్నది సరిపోదు, ఒక్కో చక్రం మీద ఎంతో కావాలి, అదీ డ్రైవర్ కూర్చున్నాక. కారు పూర్తికాకపోతే అదే ఇంజిన్‌తో అదే మోడల్ కట్టినవాళ్ల కార్నర్ వెయిట్లు (ఒక్కో చక్రం మీది బరువులు) అడిగి తీసుకోండి. కిట్ అమ్మేవారి కాగితంలో బరువు చాలాసార్లు ద్రవాలేవీ పోయని కారుదై ఉంటుంది. 80 కేజీల డ్రైవర్‌తో 680, ముందు ఒక్కో చక్రం మీద 160, వెనక 180 అనుకుందాం. ఇందులో చక్రం, టైర్, అప్‌రైట్ (హబ్‌ను మోసే నిలువు భాగం), బ్రేకుల బరువంతా, విష్‌బోన్ల బరువులో సగం స్ప్రింగ్ మోసేది కాదు. ముందు అది 28 కేజీలనుకుంటే స్ప్రింగ్ మోసేది 132 కేజీలు.

స్ప్రింగ్ లెక్క ఫ్రీక్వెన్సీతో, అంటే కారు స్ప్రింగ్ మీద సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న దానితో మొదలవుతుంది. రోడ్డు మీద నడిచే తేలిక స్పోర్ట్స్ కారుకి 1.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య సరిపోతుంది. మీ వాడకానికి ముందు 1.7, వెనక 1.9 పెట్టుకోవచ్చు. వెనక కొంచెం ఎక్కువ ఎందుకంటే, ముందు చక్రాలు గతుకు దాటిన కాసేపటికి వెనకవి దాటుతాయి. వెనక భాగం కాస్త వేగంగా ఊగి ముందుతో కలిస్తే కారు ముక్కు పైకీ కిందకీ ఊగడం తగ్గుతుంది.

ముందు చక్రానికి లెక్క: 1.7ని 6.283తో గుణిస్తే 10.68, దాని వర్గం 114. దాన్ని 132తో గుణిస్తే 15,060, అంటే చక్రం దగ్గర మి.మీ.కి 15.1 న్యూటన్లు. దీన్ని మోషన్ రేషియోతో కాదు, రేషియో వర్గంతో భాగించాలి. 0.606 వర్గం 0.367, కాబట్టి స్ప్రింగ్ మి.మీ.కి 41 న్యూటన్లు, అంటే అంగుళానికి దాదాపు 235 పౌండ్లు. ఒకసారి మాత్రమే భాగిస్తే 142 పౌండ్లు వస్తుంది. అలా కొన్న స్ప్రింగ్‌తో కారు మొదటి రోజే బంప్ స్టాప్‌ల మీద కూర్చుంటుంది. ఈ పొరపాటు ఎంత మామూలంటే, స్ప్రింగ్ "మెత్తగా ఉంది" అని ఎవరైనా వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

షాపులో రెడీగా దొరికేవి 225, 250 పౌండ్లవి. రోడ్డు ఎక్కువ కాబట్టి 225తో మొదలుపెట్టండి, ఫ్రీక్వెన్సీ 1.66కి వస్తుంది, ఏం కొంప మునగదు. స్ప్రింగ్ మార్చడం చౌక, షాక్ మార్చడం కాదు.

వెనక రేషియో 0.75, స్ప్రింగ్ మోసేది 150 కేజీలు అనుకుంటే 1.9 హెర్ట్జ్‌కి దాదాపు 216 పౌండ్లు వస్తుంది. ఇక్కడా 225 సరిపోతుంది. కానీ ఇలాంటి కార్లలో సీట్లు వెనక ఇరుసుకి దగ్గరగా ఉంటాయి. 80 కేజీల తోడు ఎక్కితే అందులో 55 కేజీల దాకా వెనకే పడుతుంది, కారు వెనక సగటున 12 మి.మీ. దిగుతుంది. ఆ దిగుడుకి కూడా వెనక షాక్‌లో చోటు ఉంచుకోవాలి.

స్ట్రోక్ విషయంలో బేరం ఆడకండి. ప్రతి షాక్‌కీ మూడు కొలతలు ఉంటాయి: పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు, వాటి మధ్య తేడా అయిన స్ట్రోక్. నిలబడిన కారులో స్ట్రోక్‌లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ సాగడానికి, మిగతాది ముడుచుకోవడానికి ఉండాలి. 95 మి.మీ. స్ట్రోక్ అయితే 35 సాగడానికి, 60 ముడుచుకోవడానికి. మీ రేషియోతో చక్రం దగ్గర అవి 58, 99 మి.మీ. అవుతాయి.

ఇప్పుడు స్ప్రింగ్ పొడవు చూడండి, ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. 132 కేజీల బరువు చక్రం దగ్గర 1,295 న్యూటన్లు, 0.606తో భాగిస్తే స్ప్రింగ్ మీద 2,137. మి.మీ.కి 39.4 న్యూటన్ల స్ప్రింగ్ అంటే నిలబడినప్పుడు 54 మి.మీ. నొక్కుకుంటుంది. షాక్ 35 సాగితే ఇంకా 19 మి.మీ. నొక్కుడు మిగిలే ఉంటుంది. అంటే చక్రం గాలిలో వేలాడినా స్ప్రింగ్ తన సీటు వదలదు. మంచిదే. కిందివైపు 54కి 60 కలిపితే 114 మి.మీ. 8 అంగుళాల స్ప్రింగ్ 203 మి.మీ., అందులోంచి 114 పోతే 89. స్ప్రింగ్ చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే పొడవు, దాన్ని బ్లాక్ లెంత్ అంటారు, ఈ 89 కన్నా కనీసం 7, 8 మి.మీ. తక్కువ ఉండాలి. అమ్మేవారిని ఆ అంకె రాతలో ఇవ్వమనండి. 90 అన్నారంటే ఆ స్ప్రింగ్ మీకు పనికిరాదు. పెద్ద గుంతలో షాక్ అడుక్కి చేరకముందే స్ప్రింగ్ ఇనుప గొట్టంలా మారి, ఆ దెబ్బంతా బ్రాకెట్ వెల్డింగ్ మీద పడుతుంది. 1.9 అంగుళాల లోపలి వ్యాసం ఉన్న స్ప్రింగ్‌లలో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. అదే రేటు 2.25 అంగుళాల వ్యాసంలో తక్కువ చుట్లతో వస్తుంది కాబట్టి బ్లాక్ లెంత్ తగ్గుతుంది. చాసిస్ ట్యూబ్‌కి తగలకుండా పడుతుందేమో చూసుకోండి.

బంప్ స్టాప్ తప్పనిసరి. ఖాళీలున్న మెత్తటి పాలీయురెథేన్‌ది, 25 మి.మీ. ఎత్తుది రాడ్ మీద ఉండాలి. గట్టి రబ్బరు ముక్క బంప్ స్టాప్ కాదు, సుత్తి. ఒక పరీక్ష చేయండి: స్ప్రింగ్ లేకుండా, స్టాప్ సగం నొక్కుకునేదాకా నాలుగు మూలలా కారును దించి, సంప్ (ఇంజిన్ అడుగున నూనె తొట్టి) నేలకి తగులుతోందా, టైరు వింగ్‌కి (మడ్‌గార్డుకి) రాసుకుంటోందా చూడండి. తగిలితే రాడ్ మీద ప్యాకర్ వేసి స్టాప్‌ను ముందే పని చేయించాలి. పైన చెప్పిన 99 మి.మీ.లు షాక్ ఇవ్వగలిగినవి, సంప్ ఇవ్వగలిగినవి అంతకన్నా తక్కువే ఉండొచ్చు. సాగే వైపు కూడా చూడాలి. చక్రం పూర్తిగా దిగినప్పుడు బ్రేకు హోస్ బిగుసుకుంటోందా, బాల్ జాయింట్ అంచుకి చేరిందా, వెనక డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ చేత్తో తిప్పితే పట్టేస్తోందా? ఏ ఒక్కటి ఉన్నా షాక్ పొడవు ఎక్కువైనట్టే.

వాల్వింగ్ దగ్గరికి వద్దాం. అసలు డబ్బు పెట్టాల్సింది దీని మీదే. రాడ్ లోపలికి వెళ్లేటప్పటి నిరోధం బంప్, బయటికి వచ్చేటప్పటిది రీబౌండ్. ఎంత నిరోధం కావాలో కూడా లెక్కకి అందుతుంది. 15,060ని 132తో గుణించి వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే 2,820 వస్తుంది. ఊగిసలాట అసలు లేకుండా చేసే క్రిటికల్ డ్యాంపింగ్ అది. మామూలు ఫ్యామిలీ కార్లు అందులో 0.3 చుట్టూ ఉంటాయి. మీలాంటి కారుకి రాడ్ నెమ్మదిగా కదిలే వేగాల దగ్గర, అంటే మలుపులో వాలేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు, 0.6 దాకా కావాలి. గతుకుల మీద రాడ్ వేగంగా కదిలేటప్పుడు మళ్లీ 0.3 చుట్టూ చాలు. రెండు చోట్లా 0.6 ఉంటే కారు ప్రతి గులకరాయినీ లెక్కపెడుతుంది.

షాక్ దగ్గరికి తెస్తే, రేషియో వర్గంతోనే భాగించి, రాడ్ సెకనుకి 0.1 మీటరు వేగం దగ్గర బంప్ 300, రీబౌండ్ 620 న్యూటన్ల దరిదాపుల్లో ఉండాలి. 0.3 మీటర్ల దగ్గర బంప్ 500, రీబౌండ్ 1,000 చాలు. వేగం మూడు రెట్లయినా బలం మూడు రెట్లు కాలేదు చూడండి, ఆ వంపే కావాలి. ఈ నాలుగు అంకెలు పట్టుకుని వెళితే షాక్ తయారుచేసేవారు మిమ్మల్ని వేరేగా చూస్తారు.

డోనర్ కారు (విడిభాగాలు తీసుకున్న పాత కారు) షాక్‌లు వాడొచ్చా అని కూడా అడిగారు. "1,200 కేజీల కారువి కదా, మనకి గట్టిగానే ఉంటాయి" అనుకుంటారు. రేషియో 0.606 దగ్గర ఆ షాక్ బలంలో 37 శాతమే చక్రం దగ్గర కనిపిస్తుంది. గట్టిగా ఉండాల్సింది కాస్తా తేలిపోయే అవకాశమే ఎక్కువ. స్ట్రోక్ కూడా మన చాసిస్‌లో ఇమడదు. మోటార్‌సైకిల్ షాక్‌లదీ దాదాపు ఇదే కథ. చూడ్డానికి కొలత సరిపోతుంది, కానీ లోపలి వాల్వింగ్ వేరే లింకేజీ కోసం, వేరే బరువు కోసం చేసింది. రీవాల్వ్ చేయించగలిగితే తప్ప వద్దు.

మోనోట్యూబా, ట్విన్‌ట్యూబా? ట్విన్‌ట్యూబ్‌లో లోపలి గొట్టం చుట్టూ నూనె నిలవ ఉండే బయటి గొట్టం ఉంటుంది. గ్యాస్ ఒత్తిడి తక్కువ లేదా అసలు ఉండదు. రాడ్ ఘర్షణ తక్కువ, ధర తక్కువ, బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా పని ఆగదు. తలకిందులుగా మాత్రం బిగించకూడదు. మరీ పడుకోబెట్టినా నూనెలో గాలి కలిసి నురగ వస్తుంది. ట్రాక్ మీద వరుసగా పది ల్యాపులు తిప్పితే షాక్ వదిలేసినట్టు అనిపించడానికి ఆ నురగే కారణం. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం. తేలే పిస్టన్ అవతల గ్యాస్ 10 నుంచి 25 బార్ దాకా ఉంటుంది. ఏ కోణంలోనైనా బిగించవచ్చు, వేడి త్వరగా వదులుతుంది, నురగ రాదు. ఫ్రెంచి ఇంజినీర్ ద కార్బన్ రూపొందించిన ఈ పద్ధతిని బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకి అందించింది. అప్పటినుంచీ మూలసూత్రం మారలేదు.

మోనోట్యూబ్‌కి తేలిక కారులో ఒక చిక్కు ఉంది. గ్యాస్ రాడ్‌ను ఎప్పుడూ బయటికి తోస్తుంటుంది. 12 మి.మీ. రాడ్, 15 బార్ అయితే 170 న్యూటన్లు, అంటే మీ ముందు స్ప్రింగ్ మోసే దాంట్లో 8 శాతం. కారు చక్రం దగ్గర 7 మి.మీ. పైకి లేస్తుంది. బరువైన కారులో ఎవరూ గమనించరు, మీ కారులో లెక్కలోకి తీసుకోవాల్సిందే. గ్యాస్ ఒత్తిడి అవసరానికి మించి పెట్టిస్తే సీల్ రాడ్‌ను గట్టిగా పట్టుకుని చిన్న గతుకులకి షాక్ కదలనే కదలదు. ఇంకొకటి, సొట్ట. బానెట్ బయట కనిపించే ముందు షాక్‌లకి రాళ్లు తగులుతాయి. మోనోట్యూబ్ గొట్టం మీద పిస్టన్ తిరిగే చోట సొట్ట పడితే షాక్ అక్కడే పట్టేస్తుంది.

మీ వాడకానికి మంచి ట్విన్‌ట్యూబ్ చాలు. షాక్ నిలువు నుంచి బాగా వాలి ఉంటే, లేదా ట్రాక్ రోజులు పెరుగుతాయనుకుంటే మోనోట్యూబ్‌కి వెళ్లండి. సర్దుబాటు ఒక నాబ్ ఉన్నది తీసుకోండి. రెండు, మూడు, నాలుగు దారుల సర్దుబాటు ఉన్నవి కొని, నాబ్‌లు ఎక్కడున్నాయో తెలియకుండా నడిపేవారే ఎక్కువ. అయితే ఆ ఒక్క నాబ్ దేన్ని మారుస్తుందో ముందే అడగండి. కొన్నింటిలో రీబౌండ్ ఒక్కటే మారుతుంది, చాలావాటిలో బంప్ కూడా వెంట లాక్కెళుతుంది. 24 క్లిక్‌లు అని గొప్పగా రాస్తారు, అందులో తేడా తెచ్చేవి గట్టివైపు ఎనిమిదీ పదే. క్లిక్‌లు ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. వదులు చివర ప్రతి షాక్‌కీ ఒకేలా ఆగదు.

కంపెనీలంటారా, బిల్‌స్టీన్, కోని, నైట్రాన్, గాజ్, ప్రోటెక్, ఓలిన్స్ ఇవన్నీ పరిశీలించదగ్గవే. వీటిలో ఎవరు మీ అంకెలకి వాల్వింగ్ చేసిస్తారు, ఎవరు దగ్గరలో రీబిల్డ్ చేస్తారు అన్నదే తేల్చాలి. వాళ్లని అడగాల్సినవి:

– నాకు పంపే ఈ నాలుగు షాక్‌ల డైనో గ్రాఫ్ (ఏ వేగానికి ఎంత నిరోధమో యంత్రం మీద కొలిచిన గ్రాఫ్) ఇస్తారా? ఈ మోడల్‌ది కాదు, ఈ సీరియల్ నంబర్లవి. ఎడమకీ కుడికీ తేడా 5 శాతం లోపు ఉంటే బాగుంది, 10 దాటితే వెనక్కి పంపండి.
– విప్పి మళ్లీ సీల్ వేయగలిగే రకమా, లేక క్రింప్ చేసి మూసేసిందా?
– రాడ్ మందం ఎంత, పైన హార్డ్ క్రోమ్ ఉందా?
– సీల్, బుష్, స్ప్రింగ్ సీటు విడిగా దొరుకుతాయా?

మొదటి ప్రశ్నకి నీళ్లు నమిలితే మిగతావి అడగక్కర్లేదు.

బిగించడంలో షాక్ ఆయుష్షు సగం ఉంది. షాక్ తన పొడవు దిశలో బలం మోయడానికే పుట్టింది, పక్కకి ఒత్తిడి పడితే రాడ్ గైడ్ బుష్ ఒకవైపే అరిగి, ఆ సందులోంచి సీల్ వదులవుతుంది. పరీక్ష తేలిక. స్ప్రింగ్ తీసేసిన షాక్‌కి పై బోల్టు వేసి, కింది కన్ను బ్రాకెట్ మధ్యకి తెండి. రెండో బోల్టు వేళ్లతో తోస్తే దూరిపోవాలి. చక్రాన్ని పైకి, కిందికి పెట్టి మూడు ఎత్తుల్లో ఇదే చూడండి. సుత్తి కావాల్సి వచ్చిందంటే బ్రాకెట్లు ఒకే వరసలో లేవు. బోల్టు గుంజి బిగించి ఊరుకుంటే ఆ వంకరంతా రాడ్ మోస్తుంది.

షాక్ రెండు దిశల్లో వాలి ఉంటే, ముందు సస్పెన్షన్‌లో తరచూ అలాగే ఉంటుంది, కదిలేకొద్దీ కన్ను మెలితిరుగుతుంది. కన్నులో ఉండే పాలీయురెథేన్ బుష్ ఆ మెలికను ఒప్పుకోదు, అక్కడ గోళాకార బేరింగ్ కావాలి. రోడ్డు మీద దుమ్మూ నీళ్లూ ఉంటాయి కాబట్టి సీల్ ఉన్న బేరింగ్ తీసుకోండి. సీల్ లేనిది త్వరలోనే టకటక కొట్టడం మొదలుపెడుతుంది. మెలిక లేనిచోట రబ్బరు బుష్ హాయి. అతికించిన రబ్బరు బుష్ అయితే కారు నేల మీద, నడిచే ఎత్తులో ఉన్నప్పుడే చివరి బిగింపు ఇవ్వండి. స్టాండ్ల మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి చిరుగుతుంది.

బోల్టుల సంగతి చిన్నదే కానీ చాలా కార్లలో కనిపించే తప్పు. కన్నులోని స్లీవ్ అర అంగుళానిది, అంటే 12.7 మి.మీ., బోల్టు 12 మి.మీ.ది. "కొంచెం లూజు, ఫరవాలేదు" అంటారు. ఆ 0.7 మి.మీ. సందులో బోల్టు ప్రతి గతుకుకీ కొట్టుకుని, బ్రాకెట్ రంధ్రాన్ని కోడిగుడ్డులా చేస్తుంది. బోల్టు 8.8 గ్రేడు లేదా పైది, మరలేని నున్నటి భాగం స్లీవ్ మొత్తానికీ రెండు బ్రాకెట్ ప్లేట్లకీ సరిపోవాలి. స్లీవ్‌కీ ప్లేటుకీ మధ్య అర మి.మీ. మించి ఖాళీ ఉంటే వాషర్ షిమ్ వేయండి. నట్టుతో ప్లేట్లను దగ్గరికి లాగొద్దు. షాక్‌ను ఒకవైపే ప్లేటుకి వేలాడదీయకండి, రెండు ప్లేట్ల మధ్యనే ఉండాలి.

అల్యూమినియం బాడీ షాక్ అయితే మరలకి మొదటి రోజే యాంటీ సీజ్ పేస్టు రాయండి. వానలో నడిచి దుమ్ము పట్టిన కాలర్ (మరల మీద తిరుగుతూ స్ప్రింగ్ ఎత్తు మార్చే రింగు) ఏడాది తర్వాత కదలదు, స్పానర్‌తో బలవంతం చేస్తే మర ఊడి చేతికొస్తుంది. ఎత్తు మార్చేటప్పుడు కారును జాకీ మీద లేపి, స్ప్రింగ్ వదులయ్యాకే కాలర్ తిప్పండి. స్ప్రింగ్ కింద సూది బేరింగ్ వేసుకుంటే ఇంకా సులువు, స్ప్రింగ్ వంగి షాక్ గొట్టానికి రాసుకోవడం కూడా కొంత తగ్గుతుంది.

పెట్టె రాగానే బిగించేయకుండా ఐదు నిమిషాలు చూడండి. ట్విన్‌ట్యూబ్ దారిలో పడుకుని వచ్చి ఉంటుంది కాబట్టి నిలువుగా పట్టుకుని ఐదారు సార్లు నెమ్మదిగా నొక్కి లాగండి. మొదట గుడగుడమన్నా తర్వాత ఎక్కడా ఖాళీ తగలకుండా ఒకే బిగువుతో కదలాలి. అప్పటికీ దిశ మారిన ప్రతిసారీ కొంత దూరం ఏమీ తగలకపోతే నూనె తక్కువో, వాల్వు తప్పో. రాడ్ లోపలికి జరుపుతూ తిప్పండి, ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులైతే రాడ్ వంకర. జతలో రెండింటి సాగిన పొడవు కొలవండి, ఒకటి రెండు మి.మీ. మించి తేడా ఉండకూడదు.

కారు నేల మీదికి వచ్చాక ప్రతి రాడ్ మీదా ఓ-రింగ్ లేదా సన్నటి కేబుల్ టై వేయండి. షాక్ ఎంతవరకు నొక్కుకుందో అదే చెబుతుంది. డ్రైవర్ బరువు సీట్లో పెట్టి, టైర్లలో గాలి సరిచేసి, యాంటీ రోల్ బార్ (మలుపులో కారు వాలడం తగ్గించే కడ్డీ) ఉంటే విప్పి, ఎత్తూ కార్నర్ వెయిట్లూ సర్దండి. 300 నుంచి 500 కి.మీ. తిరిగాక మళ్లీ చూడండి. కొత్త స్ప్రింగ్‌లు కొంచెం కూర్చుంటాయి, బోల్టులు కూడా ఒకసారి బిగింపు అడుగుతాయి. రాడ్ మీద నూనె పలచటి తడిలా మెరిస్తే అది మామూలే, తుడిచేయండి. తుడిచిన మర్నాడు గొట్టం మీదికి చార కట్టి కారుతుంటే సీల్ పోయినట్టే.

నాబ్‌లు పూర్తిగా బిగించి, సగం క్లిక్‌లు వెనక్కి తెచ్చి మొదలుపెట్టండి. తెలిసిన రోడ్డు మీద, ఒక్కసారికి రెండు క్లిక్‌లే, ముందో వెనకో ఒకచోటే మార్చండి. ఎత్తు దాటాక కారు రెండోసారి కూడా ఊగితే రీబౌండ్ చాలలేదు. గతుకు దెబ్బ వెన్నుకి తగులుతోందని వెంటనే నాబ్ వదులు చేయకండి, ముందు ఓ-రింగ్ చూడండి. అది బంప్ స్టాప్ దాకా వెళ్లి ఉంటే షాక్ గట్టిగా లేదు, ప్రయాణం అయిపోయింది. ఎత్తు గానీ స్ప్రింగ్ గానీ పెంచాలి.

అన్నిటికన్నా తప్పుదారి పట్టించేది రీబౌండ్ మరీ గట్టిగా ఉన్న కారు. వరుసగా నాలుగైదు గతుకులు వచ్చినప్పుడు ఒక్కో గతుకుకీ ముడుచుకున్న షాక్ తిరిగి సాగేలోపే ఇంకోటి వస్తుంది, కారు మెట్టు మెట్టుగా కిందికి దిగి చివరికి స్టాప్‌ల మీద నడుస్తుంది. డ్రైవర్‌కి మాత్రం స్ప్రింగ్ మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది, స్ప్రింగ్ పెంచుతాడు, దాన్ని పట్టి ఉంచడానికి రీబౌండ్ ఇంకా బిగిస్తాడు, కారు ఇంకా దిగుతుంది. నున్నటి రోడ్డు మీద బాగుండి గతుకుల మలుపులో ముందు చక్రాలు పట్టు వదిలేస్తుంటే, ఏమీ కొనకుండానే, ముందువైపు షాక్‌లు రెండింటినీ నాలుగు క్లిక్‌లు వదులు చేసి అదే మలుపు మళ్లీ తిప్పి చూడండి.